ముగ్గురితో రాత్రంతా తీరం వెంట తెరచాప ప్రయాణం: ఎవరు మేలుకోవాలి, ఎవరు నిద్రపోవాలి?

ప్రశ్న: మాకు 34 అడుగుల తెరచాప పడవ ఉంది. నేను, నా భార్య కొన్నేళ్లుగా పగటిపూట తీరం వెంట దానిమీద తిరుగుతున్నాం. ఈసారి ఒక మిత్రుడిని తోడు తీసుకుని, 90 నాటికల్ మైళ్ల దూరంలో ఉన్న రేవుకు ఎక్కడా ఆగకుండా వెళ్లాలనుకుంటున్నాం. అంటే ఒక రాత్రి పూర్తిగా సముద్రం మీదే గడుస్తుంది. ఒక్క రాత్రే కాబట్టి ముగ్గురమూ మేలుకునే ఉందామని మా మిత్రుడు అంటున్నాడు. అలలు ఎక్కువైతే ఆయనకు కడుపులో తిప్పుతుంది. నా భార్యకు పడవ నడపడం బాగానే వచ్చు గానీ, చీకట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఓడలు ఎదురైతే ఏం చేయాలో తోచదేమోనని భయపడుతోంది. ఎప్పుడు బయలుదేరాలి, కాపలా ఎలా పంచుకోవాలి, ఒడ్డుకు ఎంత దూరంగా వెళ్లాలి?

సమాధానం: మీ మిత్రుడు చెప్పిన మాటతోనే మొదలుపెట్టవలసి ఉంది, ఎందుకంటే మీ మిగతా ప్రశ్నలన్నీ దానితోనే ముడిపడి ఉన్నాయి. ఒక్క రాత్రే కదా, అందరం కూర్చుందాం అన్న ఆలోచన స్నేహంతో వచ్చినదే. కానీ చిన్న పడవ మీద అంతకంటే ప్రమాదకరమైన ఏర్పాటు మరొకటి ఉండదని నా గట్టి నమ్మకం. రాత్రి పదింటిదాకా ముగ్గురూ ఉత్సాహంగా కబుర్లు చెప్పుకుంటారు, పన్నెండింటికి మాటలు తగ్గిపోతాయి, మూడింటికి అందరి కళ్లూ తెరుచుకునే ఉంటాయి గానీ చూస్తున్నదేమిటో సరిగా గ్రహించే స్థితిలో ఏ ఒక్కరూ ఉండరు. తెల్లవారుజామున మూడు, ఐదు గంటల మధ్య మనిషి ఒంట్లో వేడి తగ్గి, మెదడు అన్ని వేళలకంటే మందకొడిగా పనిచేస్తుంది. ఇది పట్టుదలతో దాటగలిగేది కాదు. పైగా ముగ్గురూ పైనే ఉన్నప్పుడు చుట్టూ చూసే బాధ్యత ముగ్గురిదీ అయి, చివరికి ఎవరిదీ కాకుండా పోతుంది. ఉదయం కొత్త రేవులోకి ప్రవేశించే వేళ, అంటే మొత్తం ప్రయాణంలో బుర్ర చురుకుగా ఉండవలసిన వేళ, పడవలో కంటినిండా నిద్రపోయి లేచిన మనిషి ఉండరు.

అందువల్ల మీ ఏర్పాట్లలో ప్రతిదాన్నీ ఒకే కొలతతో కొలవండి: ఇద్దరు కేబిన్‌లో నిజంగా నిద్రపోతుండగా, పైన ఉన్న ఒక్కరు ఈ పనిని భయం లేకుండా చేయగలరా? చేయలేరంటే ఆ పనిని చీకటి పడకముందే ముగించాలి, లేదా ఒక్కరు చేయగలిగేలా మార్చాలి, లేదా ఆ పని వచ్చినప్పుడు మరొకరిని లేపి తీరాలని ముందే ఒప్పందం చేసుకోవాలి. కింద పడుకున్నవారి నిద్రను ఇంధనంతో, తాగునీటితో సమానంగా చూసుకోండి.

బయలుదేరే సమయాన్ని చేరవలసిన సమయం నుంచి వెనక్కి లెక్కించాలి. మీ పడవ సగటున 5 నాట్ల, అంటే గంటకు 5 నాటికల్ మైళ్ల, వేగంతో వెళ్తుందనుకుంటే 90 మైళ్లకు 18 గంటలు పడుతుంది. మధ్యాహ్నం మూడింటికి బయలుదేరితే మర్నాడు ఉదయం తొమ్మిదింటికి చేరతారు. గాలి బాగా కలిసివచ్చి 6 నాట్లు నడిచినా ఆరింటికి, అప్పటికి వెలుగు వచ్చేస్తుంది. గాలి మందగించి 4 నాట్లకు పడిపోయినా మధ్యాహ్నం ఒకటిన్నరకు, అప్పటికీ వెలుగే. తొందరగా వెళ్లినా, ఆలస్యమైనా పగటిపూటే చేరుకునే ఇలాంటి వెసులుబాటు ఉండాలి. మూడింటి బయలుదేరడంలో మరో సుగుణం ఏమిటంటే, చీకటి పడేలోగా పడవ ఊపుకు ఒళ్లు అలవాటు పడటానికి, మరిచిపోయినవి గుర్తుకు రావడానికి మూడు నాలుగు గంటలు దొరుకుతాయి. తీరంలో ఆటుపోట్ల ప్రవాహం బలంగా ఉండే చోట్లు దారిలో ఉంటే మాత్రం, వాటిని దాటవలసిన వేళను బట్టి ఈ లెక్కను సవరించుకోవలసి ఉంటుంది. ఎంచుకోగలిగితే పౌర్ణమికి దగ్గరి రాత్రిని ఎంచుకోండి. నిండు చంద్రుడు సూర్యాస్తమయం వేళకు ఉదయించి తెల్లవారేదాకా ఉంటాడు. వారం రోజులు ఆలస్యమైతే అర్ధరాత్రి దాటాక గానీ రాడు. వెన్నెలలో అలలు కనిపిస్తాయి, సముద్రానికీ ఆకాశానికీ మధ్య గీత కనిపిస్తుంది, మీ శ్రీమతి భయంలో సగం అక్కడే తగ్గుతుంది. మొదటి రాత్రికి గాలి 10 నుంచి 15 నాట్ల మధ్య నిలకడగా, సముద్రం నుంచి ఒడ్డు వైపు కాకుండా వీస్తుందన్న సూచన ఉన్నప్పుడే వెళ్లండి. సెలవులు అయిపోతున్నాయనో, రేవులో చోటు ముందే మాట్లాడుకున్నామనో ఈ షరతును సడలించకండి.

కాపలా విషయానికి వస్తే, సాయంత్రం ఏడు నుంచి ఉదయం ఏడు వరకు ఉన్న పన్నెండు గంటలను రెండేసి గంటల వాచ్‌లుగా విడగొట్టమని నా సలహా. మీ శ్రీమతికి ఏడు నుంచి తొమ్మిది, మళ్లీ ఒకటి నుంచి మూడు. మీకు తొమ్మిది నుంచి పదకొండు, మళ్లీ మూడు నుంచి ఐదు. మీ మిత్రునికి పదకొండు నుంచి ఒకటి, మళ్లీ ఐదు నుంచి ఏడు. ఈ పద్ధతిలో ప్రతి రెండు గంటల కాపలాకు ముందో వెనుకో నాలుగు గంటల విశ్రాంతి దొరుకుతుంది, అన్నిటికంటే కష్టమైన మూడు నుంచి ఐదు గంటలు ముగ్గురిలో ఎక్కువ బాధ్యత ఉన్న మీ మీద పడతాయి, రేవు ప్రవేశానికి ముందు మీకు మరో రెండు గంటల నిద్ర మిగులుతుంది. మీ శ్రీమతి మొదటి కాపలా ఇంకా కొంత వెలుగు ఉండగా మొదలై, ఆమె కళ్ల ముందే చీకటి పడుతుంది. నిద్రలేచి ఒక్కసారిగా కటిక చీకట్లోకి రావడం కంటే ఇది చాలా సులభం.

అయితే మీ మిత్రుని కడుపు సంగతి మీరే రాశారు కాబట్టి, ఆయన రాత్రి తొమ్మిదింటికల్లా పడక ఎక్కి మరి లేవకపోవచ్చునన్న అంచనాతోనే ప్రయాణాన్ని సిద్ధం చేసుకోండి. అప్పుడు మీరిద్దరే మూడేసి గంటల చొప్పున పంచుకోవాలి: ఆమె ఏడు నుంచి పది, మీరు పది నుంచి ఒకటి, ఆమె ఒకటి నుంచి నాలుగు, మీరు నాలుగు నుంచి ఏడు. ఇద్దరితో ఈ ప్రయాణం చేయగలమన్న ధైర్యం మీకు లేకపోతే, ముగ్గురితో కూడా బయలుదేరకూడదు. మీ మిత్రుని సామర్థ్యం మీద నాకు అనుమానం ఉండి ఈ మాట అనడం లేదు. సముద్రపు వికారం బలమైన మనుషులను కూడా గంటలో నిస్సహాయులను చేస్తుంది. ఆయన వాడే మందును ప్రయాణానికి కొన్ని రోజుల ముందే ఒడ్డు మీద ఒకసారి వేసుకుని చూడమనండి, ఎందుకంటే వాటిలో చాలావాటికి మగత ఎక్కువ. సముద్రం మీద వేసుకునేటప్పుడు వికారం మొదలయ్యాక కాకుండా, బయలుదేరే ముందే వేసుకోవాలి. సాయంత్రం ఆయనకు చుక్కాని ఇచ్చి దూరాన నీటి అంచును చూస్తూ నడపమనండి. చీకటి పడి ఆ అంచు కనిపించకుండా పోయాక కూర్చోబెట్టడం కంటే, ఊపు తక్కువగా ఉండే పడవ నడిమి భాగంలో వెల్లకిలా పడుకోబెట్టడం మేలు. వాంతి చేసుకోవడానికి డెక్ అంచుకు వెళ్లి వంగవద్దు, బకెట్ దగ్గర పెట్టుకోవాలి అని ముందే చెప్పండి.

కాపలా చేతులు మారే పావుగంట మీద నేను కొంత ఎక్కువ సేపు నిలబడతాను, ఎందుకంటే చాలామంది దీన్ని రెండు మాటల్లో ముగించి తరువాత కష్టపడతారు. రావలసినవారిని పదిహేను, ఇరవై నిమిషాలు ముందుగా లేపాలి. గాఢనిద్ర నుంచి లేచిన మనిషికి కాళ్లు నిలబడినంత త్వరగా ఆలోచన నిలబడదు. కేబిన్‌లో మసక ఎర్రదీపం తప్ప మరేదీ వెలిగించకూడదు. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి సుమారు అరగంట పడుతుంది, ఒక్కసారి ఫోన్ తెర వైపు చూస్తే ఆ అరగంట మళ్లీ మొదటికి వస్తుంది. వెచ్చని బట్టలు, లైఫ్ జాకెట్ వేసుకుని, వేడిగా ఏదైనా తాగి, పైకి వచ్చి కూర్చున్నాక దిగిపోయేవారు ఉన్న పరిస్థితిని నోటితో పూర్తిగా చెప్పాలి. ఉదాహరణకు ఇలా: “ఎడమవైపు వెనకాల రెండు చేపల పడవలున్నాయి, ఇరవై నిమిషాలుగా దూరమవుతున్నాయి. కుడివైపు ముందు ఒక ఓడ, దాని పచ్చదీపం కనిపిస్తోంది, మన వెనుక నుంచి దాటిపోతుంది, అయినా ఒక కన్ను వేసి ఉంచు. తరువాతి లైట్‌హౌస్ ఇంకా రాలేదు, రెండున్నర ప్రాంతంలో కనబడాలి, పది సెకన్లకు రెండుసార్లు వెలుగుతుంది. గాలి అరగంటగా కాస్త వెనక్కి తిరుగుతోంది, చాపను ముట్టుకోలేదు.” విన్నవారు దాన్ని తిరిగి తమ మాటల్లో చెప్పి, ప్రతి దీపాన్నీ స్వయంగా చూసి, “ఇక నేను చూసుకుంటాను” అన్న తరువాతే రెండోవారు కిందికి దిగాలి. గంటకొకసారి సమయం, పడవ ఉన్న చోటు, నడిచిన దిశ, గాలి, బారోమీటర్ లెక్క పుస్తకంలో రాసి, కాగితపు చార్ట్ (సముద్రపు పటం) మీద ఒక చుక్క పెట్టడం కూడా కాపలాలో భాగమే. కరెంటు పోయి తెరలన్నీ ఆరిపోతే మీ చేతిలో మిగిలేది ఆ చుక్కే, అది గంటకంటే పాతది కాకూడదు.

ఇక మీ శ్రీమతి భయం. ఆ భయం ఆమె బలహీనత కాదు, తెలియని పనికి ముందు ఉండవలసిన జాగ్రత్త అది. దాన్ని ధైర్యవచనాలతో పోగొట్టలేము. రెండు నిర్దిష్టమైన విషయాలు ఆమె చేతికిస్తే అదే తగ్గుతుంది. మొదటిది, మిమ్మల్ని ఎప్పుడు లేపాలన్న నియమాలు కాగితం మీద రాసి, పడవ నడిపేవారు కూర్చునే కాక్‌పిట్ దగ్గర పెట్టండి: గాలి ఫలానా వేగం దాటినా, ఏ ఓడ అయినా మైలు లోపలికి వచ్చేలా కనిపించినా, చూపు మందగించి మంచు కమ్మినా, ఇంజిన్ వేయవలసి వచ్చినా, అనుకున్న దీపం అనుకున్న వేళకు కనబడకపోయినా, ఇవేవీ కాకుండా ఉత్తగా మనసు బాగుండకపోయినా లేపవచ్చు. అంతకంటే ముఖ్యం, అనవసరంగా లేపినప్పుడు మీరు ప్రవర్తించే తీరు. మీరు లేచి వచ్చి చూసేసరికి ఏమీ లేకపోతే, “మంచి పని చేశావు” అని మనస్ఫూర్తిగా చెప్పి వెళ్లి పడుకోండి. ఒక్కసారి విసుగు ముఖం పెట్టారంటే, రెండోసారి నిజంగా అవసరమైనప్పుడు ఆమె ఐదు నిమిషాలు ఆలోచిస్తారు. ఆ ఐదు నిమిషాల విలువ ఎంతో ఇప్పుడు లెక్క చూద్దాం.

పెద్ద ఓడ 18 నాట్లతో ఎదురొస్తుంటే, మీ 5 నాట్లు కలిపి నిమిషానికి మూడో వంతు మైలుకు పైగా దూరం తరిగిపోతుంది. ఆరు మైళ్ల దూరంలో మొదటిసారి దాని దీపం కనిపించిన క్షణం నుంచి మీ దగ్గరికి రావడానికి పదిహేను నిమిషాలు చాలు. మీ పడవ పొడవు 12 మీటర్ల లోపు కాబట్టి, సముద్రం మీద ఢీకొనడాన్ని నివారించే 1972 నాటి అంతర్జాతీయ నియమాల ప్రకారం మీ ఎరుపు, పచ్చ దీపాలు కనీసం ఒక మైలు దూరానికి కనిపిస్తే చాలు. ఆ మైలును ఆ ఓడ మూడున్నర నిమిషాల లోపే దాటేస్తుంది. ఇంజిన్ ఓడలు తెరచాప పడవలకు దారి ఇవ్వాలన్నది సాధారణ నియమమే, కానీ వారు మిమ్మల్ని చూసే వ్యవధి ఇంత తక్కువైనప్పుడు ఆ హక్కు మీద భరోసా పెట్టుకుని కూర్చోకూడదు. ఢీకొనే ప్రమాదం ఏర్పడకముందే, నాలుగైదు మైళ్ల దూరంలోనే దిశ మార్చుకునే స్వేచ్ఛ మీకు ఉంది. మార్చినప్పుడు ఐదు, పది డిగ్రీలు కాక, ఎదుటివారికి స్పష్టంగా తెలిసేంతగా మార్చండి.

ఓడ ఎటు పోతోందో దీపాలను బట్టి చదవడం కష్టం కాదు, మీ శ్రీమతి చేత ఒక సాయంత్రం కాగితం మీద గీయించి అభ్యాసం చేయించండి. పెద్ద ఓడకు ముందువైపు ఒక తెల్లదీపం, దాని వెనుక అంతకంటే ఎత్తులో రెండో తెల్లదీపం ఉంటాయి. కిందనున్న తెల్లదీపం ఏ వైపు ఉంటే ఓడ ఆ వైపు వెళ్తోందని అర్థం. ఎరుపు కనిపిస్తే దాని ఎడమ పక్కను, పచ్చ కనిపిస్తే కుడి పక్కను చూస్తున్నారు. రెండు తెల్లదీపాలూ ఒకదాని మీద ఒకటిగా నిలువున నిలబడి, వాటి కింద ఎరుపు, పచ్చ రెండూ కనిపిస్తే, ఓడ తిన్నగా మీ మీదికే వస్తోంది. దీపాల కంటే నమ్మకమైనది కంపాస్ పరీక్ష. చేతిలో పట్టుకునే కంపాస్‌తో ఓడ ఉన్న దిక్కును డిగ్రీలలో చూసి రాసుకోండి, రెండు మూడు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. ఆ సంఖ్య మీ పడవ ముందు వైపుకు జరుగుతుంటే ఓడ మీ ముందు నుంచి పోతుంది, వెనక్కి జరుగుతుంటే వెనుక నుంచి పోతుంది, సంఖ్య మారకుండా దీపం మాత్రం పెద్దదవుతుంటే మీరిద్దరూ ఒకే చోటికి చేరుకుంటున్నారు. అది తెలిసిన క్షణమే మిమ్మల్ని లేపవలసిన క్షణం. చుట్టుపక్కల ఓడలు రేడియోలో పంపే వివరాలను చూపే ఏఐఎస్ పరికరం ఉంటే ఓడ పేరు, ఎంత దగ్గరగా దాటుతుందన్న లెక్క కూడా తెర మీద కనిపిస్తాయి. సందేహం ఉంటే వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానల్‌లో ఆ పేరుతో పిలిచి, మీ పడవ వారికి కనిపిస్తోందా అని అడగడంలో మొహమాటం అక్కరలేదు. బలమైన టార్చితో మీ తెరచాప మీద వెలుగు వేయడం కూడా పనిచేస్తుంది.

తీరానికి దగ్గరలో నన్ను ఓడల కంటే ఎక్కువగా ఆలోచింపజేసేవి చేపల పడవలు. ఓడ గీత గీసినట్టు పోతుంది. చేపల పడవ వల వెంట తిరుగుతుంది, ఆగుతుంది, హఠాత్తుగా మళ్లుతుంది. వలను వెనుక ఈడ్చుకుంటూ పోయే ట్రాలర్‌కు తెల్లదీపం పైన పచ్చదీపం, ఇతర వలలు వేసేవారికి తెల్లదీపం పైన ఎర్రదీపం ఉండాలని నియమం చెబుతుంది, కానీ డెక్ మీద వెలిగే ఫ్లడ్‌లైట్ల కాంతిలో ఆ రంగులు కలిసిపోతాయి. చాలా చిన్న పడవలకు ఏఐఎస్ ఉండదు, కాబట్టి తెర మీద ఏమీ లేదంటే సముద్రం మీద ఏమీ లేదని అనుకోకూడదు. వల వేసి చేపలు పడుతున్న పడవకు తెరచాప పడవే దారి ఇవ్వాలన్న సంగతీ గుర్తుంచుకోండి. వారి వెనుక నీటిలో వందల మీటర్ల వల ఉండవచ్చు. దూరంగా చుట్టుతిరిగి వెళ్లండి. ఒకదాని వెనుక ఒకటి వస్తున్న రెండింటిలో ముందుదానికి నిలువునా రెండు మూడు తెల్లదీపాలు ఉంటే అది వెనుకదాన్ని తాడుతో లాక్కెళ్తోంది, ఎట్టి పరిస్థితిలోనూ ఆ రెండింటి మధ్య నుంచి పోకూడదు.

చుట్టూ చూడడమంటే నిజంగా చుట్టూ చూడడమే. ముందు తెరచాప మీ పడవకు గాలి పోయే వైపున ఒక పెద్ద ముక్కను పూర్తిగా కప్పేస్తుంది, ఆ చాటు నుంచే ఓడలు ప్రత్యక్షమవుతాయి. ఐదారు నిమిషాలకొకసారి ఆ పక్కకు జరిగి, వంగి, చాప కింది నుంచి చూడాలి. వెనక్కి కూడా చూడాలి, ఎందుకంటే మీకంటే వేగంగా వచ్చేవన్నీ అటు నుంచే వస్తాయి.

ఒడ్డుకు ఎంత దూరం అన్నారు. ఇంజిన్ ఆగిపోయి, గాలి మిమ్మల్ని ఒడ్డు వైపు గంటకు ఒకటిన్నర మైలు చొప్పున నెడుతోందనుకోండి. ఆరు మైళ్ల దూరంలో ఉంటే బాగుచేసుకోవడానికి, లేదా సాయం పిలవడానికి నాలుగు గంటలు ఉంటాయి. రెండు మైళ్లలో ఉంటే గంటన్నర కూడా ఉండదు. దీపాలు లేని వల బోయాలు (నీటి మీద తేలే గుర్తులు), పీతల బుట్టల తాళ్లు తక్కువ లోతులోనే ఎక్కువ. మరీ బయటికి పోతే ఓడలు నడిచే దారిలో పడతారు. ఈ రెండింటి మధ్య ఉన్న పట్టీని చార్ట్ మీద ముందే గుర్తించి దానిలోనే నడవండి. నాకైతే ఐదు నుంచి ఎనిమిది మైళ్లు మొదటి రాత్రికి తగిన దూరంగా తోస్తుంది. ముందుకు పొడుచుకొచ్చిన భూభాగాల దగ్గర అందరూ ఒకే మూలను చుట్టి వెళ్తారు కనుక అక్కడ రద్దీ ఎక్కువ, ప్రవాహమూ ఎక్కువ. వాటిని మరింత దూరం నుంచి దాటాలి, వీలైతే వాటిని దాటే వేళ మీ కాపలాలో పడేలా చూసుకోండి. పగలు సముద్రం నుంచి వీచిన గాలి సూర్యాస్తమయంతో పడిపోయి, ఆ తరువాత ఒడ్డు నుంచి చల్లగాలి మొదలు కావడం చాలా తీరాల్లో మామూలే. కాబట్టి ఎనిమిదింటికి గాలి లేదని గాభరాపడి చాపలన్నీ విప్పేయకండి.

చీకటి పడకముందే మెయిన్ సెయిల్‌ను, అంటే ప్రధాన తెరచాపను, ఒక మడత కుదించి కట్టండి, గాలి ఇంకా తక్కువగానే ఉన్నా సరే. అర నాటు వేగం పోతుందని బాధపడవలసిన పని లేదు. అర్ధరాత్రి ఒక్కరే ముందు డెక్ మీదికి వెళ్లి ఆ పని చేయవలసిన అవసరం తప్పుతుంది. లైఫ్ జాకెట్, దానికి తగిలించే టెథర్ తాడు చీకటి పడిన తరువాత కాక్‌పిట్‌లో కూర్చున్నా ఉండవలసిందే. కేబిన్ మెట్ల మీద ఉండగానే చేయి చాపితే అందే బలమైన కొక్కెం ఒకటి ఉండాలి, పైకి అడుగు పెట్టకముందే దానికి తగిలించుకోవాలి. రెండోవారిని లేపకుండా ఎవరూ కాక్‌పిట్ దాటి ముందుకు పోకూడదు, దీనికి ఏ మినహాయింపూ పెట్టకండి. 5 నాట్ల వేగంలో పడవ సెకనుకు రెండున్నర మీటర్లు పోతుంది. ఒంటరిగా కాపలాలో ఉన్న మనిషి నీటిలో పడితే నిమిషంలో 150 మీటర్లు వెనుకబడతారు, కింద నిద్రపోతున్నవారికి ఆ సంగతి కాపలా మారే వేళకు గానీ తెలియదు. మగవారు డెక్ అంచున నిలబడి మూత్రానికి పోయే అలవాటును ఈ ఒక్క రాత్రికైనా పూర్తిగా మానాలి, కింద టాయిలెట్‌లో కూర్చునే పోవాలి. చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా బయలుదేరే ముందు మీ మిత్రునికి ఈ మాట మీరే చెప్పండి. జీపీఎస్ మీద మనిషి నీటిలో పడిన చోటును గుర్తించే బటన్‌ను ముగ్గురూ ఒకసారి నొక్కి చూడాలి, పడవను ఒక్కరే ఎలా ఆపాలో మీ శ్రీమతి పగటిపూట రెండు మూడుసార్లు చేసి చూడాలి.

చాపలతో నడుస్తున్నప్పుడు స్తంభం కొనమీద ఉండే మూడు రంగుల దీపం ఒక్కటే చాలు. ఇంజిన్ వేయగానే దాన్ని ఆర్పి, కింది పక్క దీపాలు, వెనుక దీపం, వాటితోపాటు ముందుకు చూసే తెల్లదీపం వెలిగించాలి. పాతకాలపు 25 వాట్ల బల్బు అయితే 12 వోల్టుల బ్యాటరీ నుంచి సుమారు రెండు ఆంపియర్ల కరెంటును రాత్రంతా లాగుతుంది, ఆటోపైలట్ ఖర్చు దానికి అదనం. ఎల్ఈడీకి మార్చుకోవడం మంచిది. ఇంజిన్ తిప్పే ముందు తాడు ఏదీ నీటిలో వేలాడటం లేదని టార్చితో చూసుకోవాలి.

తెల్లవారుజామున కొత్త రేవు దీపాలు కనిపించగానే త్వరగా లోపలికి వెళ్లిపోవాలన్న కోరిక చాలా బలంగా ఉంటుంది. రేవు ముఖంలోని చిన్న ఎరుపు, పచ్చ దీపాలు వెనుకనున్న ఊరి దీపాల్లో, ట్రాఫిక్ సిగ్నళ్లలో కలిసిపోతాయి; అలసిన కన్ను తాను చూడాలనుకున్నదాన్నే అక్కడ చూస్తుంది. లైట్‌హౌస్‌నైనా బోయా దీపాన్నైనా స్టాప్‌వాచ్‌తో లెక్కించి, చార్ట్ మీద రాసినదానితో సరిపోయాకే నమ్మండి. గాలి బాగా కలిసివచ్చి వెలుగుకు ముందే చేరిపోతే, మూడు నాలుగు మైళ్ల దూరంలోనే ఆగండి. ముందు తెరచాపను గాలి వచ్చే వైపుకు లాగి కట్టి, చుక్కానిని దానికి విరుగుడుగా తిప్పి బిగిస్తే పడవ చాలా నెమ్మదిగా కొట్టుకుపోతూ దాదాపు అక్కడే నిలబడుతుంది. కాపలా మాత్రం యథావిధిగా కొనసాగించాలి. సముద్రం నుంచి గాలి గట్టిగా వీస్తూ రేవు ముఖంలో అలలు విరుగుతుంటే పగలైనా లోపలికి వెళ్లకూడదు. అందుకే దారిలో ఎలాంటి వాతావరణంలోనైనా ప్రవేశించగలిగే మరో రేవు ఏదో బయలుదేరే ముందే చార్ట్ మీద గుర్తుపెట్టుకోండి.

ఒడ్డున నమ్మకమైన ఒకరికి మీ దారి, పడవ వివరాలు, ఎందరున్నారు, ఎప్పటికి చేరతారు, ఏ గంట దాటినా కబురు రాకపోతే తీర రక్షక దళానికి చెప్పాలి అన్నవన్నీ రాసి ఇవ్వండి. ఆ గడువును ఒంటిగంటన్నరకు కాక, సాయంత్రానికి పెట్టండి, లేకపోతే గాలి మందగించిన ప్రతిసారీ వారు హడలిపోతారు. పడవ కట్టేయగానే, నిద్రకు ముందే, వారికి ఫోన్ చేయడం ఎవరి బాధ్యతో కూడా ఇప్పుడే పేరు పెట్టి నిర్ణయించుకోండి.